బాకీకి వచ్చిన టిక్కీలు

ఏటా ఏప్రిల్, మే నెలల్లో మా ఊరి పేరు టీవీల్లో మోగిపోతుంది. వాతావరణ కేంద్రం ఉన్న ఊరు కదా, ఎండల లెక్క చదివేటప్పుడు రెంటచింతల తప్పకుండా వస్తుంది. హైదరాబాదు నుంచి మా ఆడపడుచు ఫోన్ చేసి, "వదినా, ఉన్నారా, మాడిపోయారా?" అని నవ్వుతుంది. కిరాణా కొట్లో కూర్చునేదానికి ఆ అంకెతో పనిలేదు. చాక్లెట్లు డబ్బాలోనే ముద్దకడతాయి, కొవ్వొత్తులు వంగిపోతాయి, డాల్డా ప్యాకెట్లోనే నీళ్లవుతుంది. అందుకే ఉగాది దాటాక అవేవీ తెప్పించను. పదకొండు నుంచి నాలుగున్నర దాకా బజార్లో మనిషి కనపడడు. తెల్లారకముందే షట్టర్ లేపి, రాత్రి బాగా పొద్దుపోయాక దించుతాం. మధ్యలో పప్పులు చెరగడం, ఖాతాలు కూడుకోవడం.

ఎండనైనా ఓర్చుకోవచ్చు. మా వ్యాపారాన్ని ఆడించేది మిర్చి.

ఆగస్టు, సెప్టెంబరుల్లో నారు నాటిన దగ్గర్నుంచి రైతు చేతిలో డబ్బు నిలవదు. ఉన్నదంతా మందులకీ కూలీలకీ పోతుంది, ఇంటి సరుకులు మా పుస్తకంలోకి ఎక్కుతాయి. మా ఊళ్లో కథోలికులు ఎక్కువ కాబట్టి క్రిస్మస్‌కి మైదా, పంచదార బస్తాల్లో పోతాయి. ఆ వెంటనే సంక్రాంతి బెల్లం, నువ్వులు. అమ్మకం చూస్తే కడుపు నిండుతుంది గానీ గల్లాపెట్టె నిండదు. కోతలు అయి, కాయ కల్లంలో ఎండి, టిక్కీల్లోకి, అంటే గోనె బస్తాల్లోకెక్కి, గుంటూరు యార్డుకి పోయి, అమ్మకం పట్టీ చేతికొచ్చాకే మా పేజీ మీద గీత పడుతుంది. ఈలోపు కొట్టుని నిలబెట్టేది కర్నూలు వైపు నుంచి కోతలకొచ్చే వలస కూలీలు. పిల్లాజెల్లాతో వచ్చి చేల దగ్గర గుడారాలు వేసుకుంటారు. ఏ పూటకాపూట కాస్త పప్పు, కాస్త నూనె, చింతపండు, బీడీ కట్ట కొంటారు, చేతిలో డబ్బు పెడతారు. ఊరి వాళ్ల ఖాతాల బరువు మోసేది పరాయి ఊరి కూలీల చిల్లర అని బయటివాళ్లకి చెబితే నమ్మరు.

ఈ చక్రం ఎక్కడ తెగినా మా మీదే పడుతుంది. 2021 చివర్లో నల్ల తామర పురుగు పూతలోకి దిగింది. ఏ మందుకీ లొంగలేదు, చాలామంది పచ్చటి చేలు దున్నేశారు. 2023లో వానలు మొహం చాటేశాయి, సాగర్ కుడికాలువ కింద నీటికి కటకటే. 2024 మేలో ఎన్నికల గొడవల తర్వాత పల్నాడులో 144 సెక్షన్ పెట్టారు, షట్టర్ లేపాలంటేనే భయం. 2025లో పంట ఉంది, ధర లేదు. అంతకుముందు క్వింటాలు ఇరవై వేల పైన అమ్ముకున్న రైతు, కేంద్రం 11,781 రూపాయలు ప్రకటిస్తే దానికోసం ఎదురుచూసే స్థితికొచ్చాడు.

ఆ రోజుల్లోనే మా పొదుపు సంఘం మీటింగుకి ఒకాయనొచ్చి, పొద్దున్నే అద్దంలో చూసుకుని 'నేను గెలుస్తాను' అనుకోండమ్మా అన్నాడు. మా అద్దంలో నా మొహం వెనకాల బాకీలు రాసిపెట్టుకున్న క్యాలెండరు కనపడుతుంది. ఏమని అనుకోను? ఆయన మంచికే చెప్పాడు, కాదనను. కానీ నాకు గుండె నిబ్బరం మాటల వల్ల ఎప్పుడూ రాలేదు. చేతికి పని దొరికితే వచ్చింది. నిద్రపట్టని రాత్రి లేచి, ఏ సరుకు ఎన్ని రోజులుగా కదల్లేదో రాసుకుంటే తెల్లారేసరికి భయం సగానికొచ్చేది. యార్డు ధర నేను మార్చలేను. సరుకు తెచ్చే లైన్ వ్యాను వాడికి చెప్పే ఆర్డరు మార్చగలను. కిలో ప్యాకెట్లు తగ్గించి పావుకిలోవి పెట్టా. నెలకోసారి తెచ్చే నూనె వారానికోసారి తెప్పించా. సంఘం అప్పు వాయిదా మాత్రం ఒక్కనెలా దాటనివ్వలేదు. అది తప్పితే పదిమంది ఆడవాళ్ల ముందు తలెత్తుకోలేం.

ఆ మార్చిలో ఒక పెద్దాయన కొట్టుకొచ్చి నిలబడ్డాడు. "అమ్మాయ్, డబ్బులైతే లేవు. కాయిస్తా, తీసుకుంటావా?"

"తాలు కాయ కలపనంటే తీసుకుంటా బాబాయ్."

"నీ దగ్గరా ఆ పని చేసేది?" అని కోప్పడ్డాడు. కోప్పడ్డాడంటే కాయ మంచిదేనని అర్థం.

ఆ రోజు యార్డు ధరకే కట్టుకున్నా. ఇంకో వంద తగ్గించి అడగాల్సిందని మా ఆయన సణిగాడు. వంద తగ్గిస్తే ఆ ఇల్లు రేపట్నుంచి వేరే కొట్టుకి పోతుంది, ఆ లెక్క ఆయన వెయ్యడు. ఒకరిని చూసి ఒకరు ఇంకొందరు తెచ్చారు. వెనక గదినిండా తేజ రకం టిక్కీలు, ఘాటుకి ఇంటిల్లిపాదీ తుమ్ములు. అమ్ముదామంటే అదే ధర. ఏం చెయ్యాలో తోచక, తొడిమలు తీయించి మరాడించా. కొంత ఉత్త కారం, కొంత వెల్లుల్లి, ధనియాలు, జీలకర్ర వేసి కూరకారం. ఆవకాయ రోజులు కావడంతో ముందు ఊళ్లోనే పోయింది. తర్వాత మా ఆడపడుచు తన అపార్టుమెంటు వాళ్లకి చెప్పింది. ఆహార భద్రత రిజిస్ట్రేషను ఏడాదికి వంద రూపాయల రుసుముతో తీసుకున్నా. బాకీలన్నీ తీరిపోలేదు. గదిలో కాయ మాత్రం డబ్బయింది.

ధర దెబ్బకి ఆ తర్వాత చాలామంది మిర్చి తగ్గించి పత్తికీ మొక్కజొన్నకీ మళ్లారు. కోత కూలీలు తగ్గితే నా రోజువారీ చిల్లర తగ్గుతుంది, బాకీకి కాయ రాక, కారానికి మంచి కాయ కొనాల్సి వస్తుంది. రెండు దెబ్బలూ ఒక్కసారే. అందుకని బాబాయితో ముందే మాట్లాడా. అర ఎకరం తేజ వెయ్యమన్నా, కాయంతా నేనే కొంటానన్నా. "ధర ఇప్పుడే తెగ్గొట్టు" అంటాడాయన. "కల్లంలో చూసి మాట్లాడదాం" అంటాను నేను. ఇంకా తెగలేదు.