జింకల వేటగాళ్ళ తిరునాళ్ళు!

జింక అనగానే మన సినిమా ప్రేక్షకుడికి ఏం గుర్తొస్తుంది? సీతమ్మ కోరిన బంగారు లేడి. శకుంతల కొంగు పట్టుకు లాగే లేడిపిల్ల. కాస్త ఇంగ్లీషు సినిమాలు చూసేవారైతే, 1942లో డిస్నీ తీసిన 'బాంబీ'. అందులో వేటగాడి తుపాకి దెబ్బకి తల్లి జింక పోయే ఘట్టం దగ్గర కళ్ళు తుడుచుకోని పిల్లలుంటారా?

అలాంటి జింకను కాల్చే విద్య కోసమే ఓ సంత జరుగుతుందంటే నమ్ముతారా? జరుగుతుంది. ఇంగ్లండులో. నేను స్వయంగా చూసొచ్చాను.

బర్మింగ్‌హామ్‌లో ఉంటున్న నా మిత్రుడొకడు, "షేక్‌స్పియర్ ఇల్లు అందరూ చూసేదే గురూ! నీకు మనవాళ్ళెవరూ చూడనిది చూపిస్తా" అంటూ ఏప్రిల్‌లో ఓ ఆదివారం కారెక్కించాడు. గంట ప్రయాణం. సన్నటి తుంపర. పశువుల ప్రదర్శనలు జరిగే మైదానం, రెండు రేకుల షెడ్లు, నాలుగు టెంట్లు, కాళ్ళ కింద బురద. మన ఊరి తిరునాళ్ళలో నాలుగోవంతు కూడా లేదు. రంగులరాట్నం లేదు, మైకు గోల అసలే లేదు. ఆకుపచ్చ కోట్లు వేసుకున్న మనుషులు గుళ్ళో ఉన్నట్టు గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు.

"ఏమిటీ నిశ్శబ్దం?" అన్నాను.

"అలవాటై పోయింది పాపం. జింక చెవులు అలాంటివి మరి" అన్నాడు మిత్రుడు.

వీళ్ళ వేటను 'స్టాకింగ్' అంటారు. గుర్రాలెక్కి, కుక్కల మందతో తరిమే వేట కాదు సుమండీ! మనిషి ఒంటరిగా, కాలినడకన, గాలికి ఎదురుగా, అడుగులో అడుగు వేసుకుంటూ జింకకు దగ్గరవ్వాలి. గాలి మళ్ళి మనిషి వాసన తగిలిందా, ఆ పూటకు వేట సమాప్తం. లేదంటే మన జొన్నచేలో కాపలావాడిలా మంచె ఎక్కి గంటల తరబడి కూర్చోవాలి. ఆ మంచెలు కూడా అమ్మకానికున్నాయి. ఇనుపవి, విడదీసి మోసుకెళ్ళేవి!

ఇంకా ఏమేం ఉన్నాయంటారా? దుర్భిణులు, కత్తులు, తుపాకి ఆనించుకునే మూడు కాళ్ళ కర్రలు, ఒంటి వేడిని పసిగట్టి చీకట్లో జంతువును చూపించే యంత్రాలు. ఒక బల్ల కింద పొట్టి కాళ్ళ డాక్స్‌హుండ్ కుక్క నిద్రపోతోంది. చూస్తే నవ్వొస్తుంది గానీ దాని ఉద్యోగం గొప్పది. దెబ్బ తిని పారిపోయిన జింకను వాసన పట్టి వెతికి, దాని బాధ త్వరగా ముగిసేలా చూడటం.

రైఫిళ్ళ దగ్గర అరవై దాటిన ఓ పెద్దాయన కనిపించాడు. ఊరికే కొనేస్తారా అని అడిగితే వేళ్ళు మడిచి లెక్కచెప్పాడు. పోలీసుల అనుమతి పత్రం ఉండాలి. తుపాకిని ఇంట్లో తాళం వేసి దాచాలి. ఏ జింకకు ఎలాంటి తూటా వాడాలో చట్టమే చెబుతుంది. విల్లంబులు నిషేధం. సూర్యుడు అస్తమించిన గంట తర్వాత నుంచి, ఉదయించే గంట ముందు వరకు ప్రత్యేక అనుమతి లేనిదే కాల్చకూడదు.

నాకు వెంటనే మన దశరథ మహారాజు గుర్తొచ్చాడు! చీకట్లో, చప్పుడును బట్టి, విల్లుతో కొట్టి పాపం శ్రవణకుమారుణ్ణి పొట్టన పెట్టుకున్నాడు. ఈ చట్టం ప్రకారం ఒక్క బాణంతో రెండు నేరాలు! కథ చెబితే పెద్దాయన నవ్వలేదు. "మీ రాజుగారి కథ మా శిక్షణలో మొదటి పాఠంగా పెట్టాలి. కళ్ళతో చూడనిదాన్ని కాల్చకూడదు" అన్నాడు.

1978లో వచ్చిన 'ది డీర్ హంటర్'లో రాబర్ట్ డి నీరో జింకకు ఒకే తూటా అని పట్టుబడతాడు గుర్తుందా? వీళ్ళదీ అదే పట్టు. ఒక్క తూటాతో పోతుందన్న నమ్మకం లేకపోతే తుపాకి దించేసి ఇంటికెళ్ళాలి.

ఇంతా చేసి, అసలు ఎందుకు చంపాలి? ఈ ప్రశ్న మరో టెంటులో ఒకావిడను అడిగాను. ఆవిడా వేటగత్తే. బ్రిటన్‌లో ఆరు రకాల జింకలున్నాయట. ఎర్రదుప్పి, 'రో' జింక ఈ రెండే అక్కడివి. మిగతా నాలుగూ మనుషులు తెచ్చి పెంచుకున్నవి. మొత్తం ఇరవై లక్షలు ఉంటాయని ఓ అంచనా. వాటిని తినే తోడేళ్ళు, లింక్సు పిల్లులు కొన్ని వందల ఏళ్ళ కిందటే అంతరించాయి. జింకలు పెరిగిన చోట అడవిలో మొక్క చెట్టు కావడం లేదు. కింది పొదలు మాయమైతే నైటింగేల్ పిట్టకు గూడు కట్టుకునే చోటుండదు.

తర్వాత ఆవిడ చెప్పిన మాట ఇప్పటికీ మనసులో కలుక్కుమంటూనే ఉంది. 'రో' జింకల్లో ఆడవాటిని ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా ముట్టుకోకూడదు. పాలు తాగే పిల్లలు దిక్కులేనివి కాకుండా ఈ ఏర్పాటు. కానీ చైనా నుంచి తెచ్చిన 'ముంట్‌జాక్' అనే చిన్న జింక ఏడాది పొడుగునా ఈనుతూనే ఉంటుంది. దానికి విరామ కాలం లేదు. మరి ఏ ఆడజింకను కాల్చాలి?

"నిండు చూలాలిని" అందావిడ.

నిర్ఘాంతపోయాను. ఆవిడ గొంతు మరింత తగ్గించింది. "కడుపు నిండుగా ఉందంటే దాని వెనకటి పిల్ల పాలు మానేసి సొంతంగా బతుకుతోందన్నమాట. పొదలో తల్లి కోసం ఎదురుచూసే పిల్ల ఉండదు. మాకిది తేలికనుకుంటున్నారా?"

బాంబీ కథ వాళ్ళకీ తెలుసు! ఆ కథ జరగకూడదనే ఇంత కఠినమైన నియమం పెట్టుకున్నారు. దీన్ని దయ అనాలో, మరేమనాలో మీరే చెప్పండి.

మా దేశంలో జింకను చంపడం నేరమని, 1972లోనే చట్టం వచ్చిందని చెప్పాను. 1998లో 'హమ్ సాథ్ సాథ్ హై' షూటింగు రోజుల నాటి కృష్ణజింకల కేసులో సల్మాన్‌ఖాన్‌కు 2018లో జోధ్‌పూర్ కోర్టు అయిదేళ్ళ శిక్ష వేసిందనీ, ఆయన అప్పీలుకు వెళ్ళాడనీ చెప్పాను. ఆ కృష్ణజింకే ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువని కూడా గొప్పగా చెప్పాను.

"మరి జింకలు పెరిగిపోతే మీ అడవుల్లో ఈ పని ఎవరు చేస్తారు?" అని అడిగింది.

"మా నల్లమలలో పెద్దపులి చేస్తుంది" అన్నాను.

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. "అదృష్టవంతులు. దాన్ని మాత్రం పోగొట్టుకోకండి. పోయాక ఆ పని మనుషులు చేయాల్సి వస్తుంది" అంది.

శ్రీశైలం ఘాటులో బస్సెక్కినప్పుడు పులి కనపడలేదని ఇకమీదట విసుక్కోను. అది అడవిలో ఉంటే చాలు.