మైనరు

కిందటి ఏడు జూన్‌లో, బడులు తెరిచిన వారంలో, హోసూరు పక్క పల్లె నుంచి ఒక అవ్వ తన కూతురిని, మనవడిని వెంటబెట్టుకుని మా బ్రాంచికి వచ్చింది. పిల్లవాడికి స్కాలర్‌షిప్పు డబ్బు రావాలంటే బ్యాంకులో ఖాతా ఉండాలన్నారట బడిలో. ఫారం తీసి, పుట్టిన తేదీ చూసి, "పిల్లోడు మైనరు గదమ్మా, గార్డియన్‌గా నువ్వు సంతకం పెట్టాల" అన్నాను కూతురితో. వెనుక బెంచీ మీద కూర్చున్న అవ్వ దిగ్గున లేచింది.

"ఏమప్పా, తొమ్మిదేండ్ల బిడ్డను పట్టుకొని మైనరంటావా? వాళ్ళ తాత మైనరుగా తిరిగి మామిడితోట పోగొట్టె. ఆ పేరు మావోడికి వద్దు. వేరే ఏదన్నా రాసుకో."

కౌంటరుకు అవతలా ఇవతలా అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కాని ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

అవ్వ మాటలో తప్పేమీ లేదు. మన పల్లెల్లో మైనరంటే సిల్కు లాల్చీ, నోట్లో తాంబూలం, పనీపాటా లేని షోకు. తమిళంలోనూ అంతే. మెడలో వేసుకునే బంగారు గొలుసుకు 'మైనర్ చైన్' అని పేరు పెట్టింది వాళ్ళే. వయసు చాలనివాడు అనే చట్టం మాట ఈ వేషం ఎలా కట్టిందో ఊహించవచ్చు. జమీందారు చనిపోయి వారసుడు చిన్నవాడైతే ఆ జమీని 'కోర్ట్ ఆఫ్ వార్డ్స్' తన చేతిలోకి తీసుకునేది. మద్రాసు రాజధానిలో 1804లోనే దీనికి రెగ్యులేషను వచ్చింది, 1902లో చట్టమూ చేశారు. జమీ బాధ్యత సర్కారుది, ఖర్చుకు డబ్బు చిన్నదొరది. అటువంటి చిన్నదొరలను చూసిన జనానికి మైనరు అంటే వయసు కాక సరదా గుర్తుండిపోయిందని నా ఊహ.

ఇంగ్లీషు మాటలతో వచ్చిన చిక్కే ఇది. ఒక్కొక్క మాటకు నాలుగు ముఖాలు. మనకు ఏ ముఖం ముందు పరిచయమైతే అదే మనిషనుకుంటాం. ఆస్పత్రిలో మైనర్ ఆపరేషన్ అంటే భయం లేదని అర్థం. సంగీతంలో మైనర్ స్కేల్ ఉంది. గనిలో దిగేవాడూ మైనరే, అక్షరాలు వేరైనా మన చెవికి ఒక్కటే.

బ్యాంకులో ముప్ఫై ఏళ్ళకు పైగా కూర్చున్నవాడికి ఇటువంటివి కొల్లలు. మా అమ్మాయి ప్రోగ్రెస్ రిపోర్టులో 'అవుట్‌స్టాండింగ్' అని చూసి, ఫీజు ఎంత బాకీ పడ్డామో అని క్షణం ఉలిక్కిపడ్డాను. 1998లో పోఖ్రాన్ పరీక్షల తరువాత అమెరికా ఆంక్షలు విధించినప్పుడు, మా ఖాతాదారు ఒకాయన పేపరులో 'శాంక్షన్' అన్న మాట చూసి, "అమెరికావాడు మనకు శాంక్షన్ చేసినాడంట, ఎంత సార్?" అని అడిగాడు. లోను మంజూరైనా శాంక్షనే, దేశం నోరు నొక్కినా శాంక్షనే. పాపం, ఆయనకు తెలిసింది మొదటిదే.

అన్నీ నవ్వుకునేవి కావు. ఒక ముసలాయన వృద్ధాప్య పింఛను ఐదు నెలలు తీయకుండా వదిలేశాడు. ఎవరో పాస్‌బుక్కు చూసి "నీకు క్రెడిట్ అయింది" అన్నారట. ఆయనకు తెలిసిన క్రెడిట్ చిల్లరకొట్టు గోడ మీద 'క్రెడిట్ లేదు' అని రాసి ఉండేది, అంటే అప్పు. తాను అడగని అప్పు బ్యాంకువాడు తన నెత్తిన రుద్దుతున్నాడని భయపడి ఇటు రావడమే మానేశాడు. ఆ ఐదు నెలలూ పక్కింటివాళ్ళు పెట్టిన గంజితో గడిపాడు. మందులు కూడా మానేశాడని తరువాత తెలిసింది. మాట అర్థం కాకపోతే పోయేది పరువు ఒక్కటే కాదని ఆ రోజు నాకు బాగా తెలిసింది.

బాగా తెలిసింది అంటున్నాను. అంతకుముందు ఒకసారి తెలిసి ఉంది కాబట్టి.

మా నాయన 1977లో పోయాడు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఆయన జబ్బుకు చేసిన అప్పుల కోసం మరుసటి సంవత్సరం మా అమ్మ ఎకరన్నర రాగిచేను అమ్మింది. అందులో నా భాగమూ ఉంది. దస్తావేజు తమిళంలో రాశారు. అమ్మకు తెలుగు తప్ప రాదు. చదివి వినిపించారు, ఆమె తల ఊపింది, తన తరఫునా నా తరఫునా తెలుగులో సంతకం పెట్టింది. ఇంటికి వచ్చి నన్ను దగ్గరకు తీసుకుని, "నీ పేరు ముందర మైనరు అని రాసినార్రా నాయనా, జమీందారు బిడ్డకు రాసినట్టు" అంది. చేను పోయిన రోజున ఆమెకు దొరికిన సంతోషం అదొక్కటే. నేనూ రెండు రోజులు బడిలో గొప్పగా చెప్పుకున్నాను.

బీ.కాం. చదివి 1991లో బ్యాంకులో చేరాక, బ్యాంకర్ల పరీక్షకు చదువుతూ ఒక చట్టం పేరు చూశాను: హిందూ మైనారిటీ అండ్ గార్డియన్‌షిప్ యాక్ట్, 1956. ఈ దేశంలో హిందువులు మైనారిటీ ఎప్పుడయ్యారబ్బా అనుకున్నాను. కామర్సు చదివినవాడి తెలివి! మైనారిటీ అంటే తక్కువ సంఖ్య అనే నాకు తెలుసు. మైనరుగా ఉండే కాలాన్ని కూడా మైనారిటీ అనే అంటారని ఆ రోజు తెలిసింది. లోపల ఎనిమిదో సెక్షను ఉంది. మైనరు స్థిరాస్తిని తల్లి అయినా సరే, కోర్టు అనుమతి లేకుండా అమ్మితే, ఆ బిడ్డ పెద్దయ్యాక రద్దు చేయమని కోర్టుకు వెళ్ళవచ్చు. పద్దెనిమిది నిండినప్పటి నుంచి మూడేళ్ళు గడువు. నా గడువు 1989తో ముగిసింది. నేను ఆ పేజీ చదివింది 1992లో. దాన్నే మన దస్తావేజు భాషలో కాలదోషం పట్టడం అంటారు.

తెలిసి ఉంటే దావా వేసేవాణ్ణా? వేసేవాణ్ణి కాదేమో. అమ్మ అమ్మింది అప్పులకే గాని సరదాకు కాదు. కాని వేయాలో వద్దో నిర్ణయించే హక్కు నాది. ఆ హక్కు ఉందని తెలియకముందే అది పోయింది. అమ్మకు ఈ సంగతి చెప్పలేదు. మైనరు అనే మాటను గౌరవమనుకుంటూనే ఆమె వెళ్ళిపోయింది.

మనం కూడా మైనారిటీలమే, ఆ రెండో అర్థంలో. 1953లో ఆంధ్ర విడిపోయినప్పుడు హోసూరు మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. భాషా మైనారిటీల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే సదుపాయాలు కల్పించాలని 350-ఎ అధికరణం రాజ్యాంగంలో చేరింది కూడా 1956లోనే, ఏడో సవరణతో. తమిళనాట 2006 చట్టంతో ఒకటో తరగతి మొదలు మెట్టుమెట్టుగా పదో తరగతి దాకా తమిళం తప్పనిసరి అయింది. తమిళం మీద నాకు కోపం లేదు, అది నాకు అన్నం పెట్టిన భాష. నా బాధ వేరు. వయసు మైనారిటీకి పద్దెనిమిదితో తీరుదల ఉంది. భాష మైనారిటీకి తీరుదల లేదు గాని, గడువు మాత్రం ఉంది. పిల్లవాడికి అక్షరాలు పట్టుబడే నాలుగైదేళ్ళే ఆ గడువు. అది దాటితే ఎవరినీ నిందించి లాభం లేదు, కాలదోషమే.

ఇక అవ్వ సంగతి. "మైనరంటే చిన్నబిడ్డ అని అర్థం అవ్వా, నువ్వనుకునే మైనరు కాదు" అని నచ్చజెప్పాను. ఖాతా తెరిచాం. పనిలో పనిగా అవ్వ తన పింఛను డబ్బుకు చలానా రాయించుకుని, వణికే చేత్తో తెలుగులో సంతకం పెట్టింది. గుండ్రంగా, మా అమ్మ సంతకంలాగే ఉంది. మనవడు వంగి చూసి, "అవ్వా, ఏంది ఇది, బొమ్మ గీస్తివా?" అన్నాడు.

ఈసారి ఎవరూ నవ్వలేదు. నేను ఒక ఖాళీ చలానా వెనుక వాడి పేరు తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి ఇచ్చాను. రద్దీ రోజు, వెనుక పదిమంది నిలబడి ఉన్నారు. వాడు గోడవార బెంచీ మీద కూర్చుని దాని కిందే నాలుగుసార్లు దిద్దాడు. తరువాతి శనివారం మళ్ళీ వచ్చాడు. ఖాతాలో వేయడానికి డబ్బేమీ తేలేదు. అవ్వ పేరు ఎలా రాయాలో అడగడానికి వచ్చానన్నాడు.