నకళ్ళు ఎవరు తియ్యాలి?

నెట్‌వర్కింగ్ ఉద్యోగాలకి వచ్చే కుర్రాళ్ళని నేను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. ఒకే డేటా రెండొందల మందికి ఒకేసారి అందాలి, నకళ్ళు సర్వరు తియ్యాలా, స్విచ్చు తియ్యాలా? ఓఎస్‌పీఎఫ్, బీజీపీ గడగడా అప్పజెప్పే వాళ్ళు కూడా ఇక్కడికొచ్చేసరికి నీళ్ళు నములుతారు. మల్టీకాస్ట్ అంటే పుస్తకంలో దాటేసే చాప్టరని మనవాళ్ళ నమ్మకం. "ఈ రోజుల్లో అదెవరు వాడుతున్నారు సార్?" అని నన్నే ఎదురడిగిన మహానుభావుడు కూడా ఉన్నాడు :)

వాడుతున్నారు బాబూ. ముంబైలో ఎన్నెస్సీ, అదే, నేషనల్ స్టాక్ ఎక్స్చేంజి కోలొకేషన్ కేసు గుర్తుందా? అందరూ దాన్ని షేర్ల కుంభకోణంగానే చదివారు. (హిమాలయాల యోగి గోల వేరే, అది ఇక్కడొద్దు.) నాకు మాత్రం అది నెట్‌వర్క్ డిజైన్ కథలాగే కనిపిస్తుంది.

బ్రోకర్లు తమ సర్వర్లని ఎక్స్చేంజి డేటా సెంటర్లోనే పెట్టుకోవచ్చు. మార్కెట్లో ప్రతి ఆర్డరూ, ప్రతి ట్రేడూ ఎప్పటికప్పుడు చెప్పే టిక్-బై-టిక్ ఫీడు వాళ్ళకి అందుతుంది. 2010 నుంచి 2014 దాకా ఆ ఫీడు టీసీపీ మీద యూనికాస్ట్‌గా వెళ్ళేది. అంటే ఒక్కో బ్రోకరుకి ఒక్కో కనెక్షను, ఒక్కోదానికి విడిగా ఒక నకలు. సర్వరు వాటిని వరసలో, ఒకరి తర్వాత ఒకరికి పంపాలి. పొద్దున్నే ముందు కనెక్టయిన వాడు వరసలో ముందుంటాడు. పెళ్ళి భోజనాల బంతిలో వడ్డించేవాడు ఒక్కడే అయితే మొదటి విస్తట్లో గారె వేడివేడిగా పడుతుంది, చివరి విస్తరి దగ్గరికొచ్చేసరికి చల్లారిపోతుంది. కంప్యూటర్లే ట్రేడింగ్ చేసే చోట ఆ కాస్త ఆలస్యమే డబ్బు.

2019 ఏప్రిల్లో సెబీ 624.89 కోట్లు వడ్డీతో సహా కట్టమని ఎన్నెస్సీని ఆదేశించింది. 2023 జనవరిలో అప్పీలు ట్రిబ్యునల్ ఆ ఆదేశాన్ని కొట్టేసి, తగిన జాగ్రత్త తీసుకోనందుకు 100 కోట్లు కట్టమంది. తర్వాత అది సుప్రీం కోర్టుకీ వెళ్ళింది. చట్టం సంగతి వాళ్ళు చూసుకుంటారు. నాకు ముఖ్యమైన ముక్క ఏంటంటే, 2014లో ఫీడు మల్టీకాస్ట్‌కి మారింది. ఇందులో సర్వరు పంపేది ఒక్కటే ప్యాకెట్టు. నకళ్ళు స్విచ్చు చిప్పులోనే తయారై, అడిగిన పోర్టులన్నిటికీ దాదాపు ఒకేసారి పోతాయి. కనెక్షనే లేదు కాబట్టి ముందు కనెక్టవడం అన్న మాటే లేదు. మల్టీకాస్ట్ అంటే బ్యాండ్‌విడ్త్ పొదుపు అని మాత్రమే చదువుకున్న వాళ్ళకి ఈ కోణం ఎవరూ చెప్పరు. ఊరికే వచ్చిందేం కాదు లెండి, పోయిన ప్యాకెట్టు మళ్ళీ తెచ్చుకునే తంటా అప్లికేషన్ పడాలి.

మామూలు ఆఫీసుల్లో కథ ఇంకోలా ఉంటుంది. ఒక క్లయింటు దగ్గర హాల్లో జరిగే మీటింగుని అన్ని అంతస్తుల టీవీల్లోనూ చూపించేవాళ్ళు. మొదలుపెట్టిన 4 నిమిషాల 20 సెకన్లకి బొమ్మ ఆగిపోయేది. ఎప్పుడు చూసినా అంతే. వెండర్ సర్వరు మార్చాడు, కేబుళ్ళు మార్చాడు. చివరికి "ఐజీఎంపీ స్నూపింగ్ ఆపేద్దాం సార్, ఏ గొడవా ఉండదు" అన్నాడు. ఆపేశారు, బొమ్మ వచ్చింది. దాంతో పాటు ఆ వీల్యాన్‌లో ఉన్న ప్రతి పోర్టుకీ వీడియో వరద కూడా వచ్చింది. ప్రింటర్లు, హాజరు మిషన్లు నత్తనడక పట్టాయి.

అసలు జబ్బు ఆ 260 సెకన్లలోనే ఉంది. స్నూపింగ్ చేసే స్విచ్చు ఎవరికి ఏ గ్రూపు కావాలో వింటూ రాసిపెట్టుకుంటుంది. టీవీ మొదట ఒకసారి "నాకు కావాలి" అంటుంది, ఆ తర్వాత అడిగితేనే జవాబిస్తుంది. అడగాల్సింది క్వెరియర్. మామూలుగా ఆ పని మల్టీకాస్ట్ రౌటరు చేస్తుంది, 125 సెకన్లకోసారి. ఇక్కడ ఆ రౌటరే లేదు. రెండు సార్ల గడువు 250, జవాబు కోసం ఇంకో 10 సెకన్లు చూసి, ఎవరికీ అక్కర్లేదు కాబోలనుకుని స్విచ్చు ఆ పేరు కొట్టేస్తుంది. స్విచ్చులోనే క్వెరియర్ ఆన్ చేస్తే సరిపోయింది, రెండు మూడు లైన్ల పని. పైసా ఖర్చు లేదు. (అదే వీల్యాన్‌లు దాటించాలంటే పిమ్ కావాలి, చాలా కంపెనీలు దాన్ని పై లైసెన్సులో పెట్టి అమ్ముతాయి. స్విచ్చు కొనేముందే అడగండి.)

నెట్‌వర్క్ వాళ్ళనే అని ఏం లాభం, మన కోడ్ రాసేవాళ్ళ నిర్వాకం కూడా ఉంది. మల్టీకాస్ట్ సాకెట్‌లో టీటీఎల్ డీఫాల్టుగా 1 ఉంటుంది. దాన్ని పెంచకుండా కోడ్ రాసేసి, పక్క డెస్కు మీద మిషన్‌తో టెస్ట్ చేస్తారు. ఒకే వీల్యాన్ కాబట్టి బ్రహ్మాండంగా పనిచేస్తుంది. కస్టమరు దగ్గర రౌటరు అవతలకి పోదు. వెంటనే "నెట్‌వర్క్ ప్రాబ్లం" అని టికెట్ తిప్పి పంపేస్తారు. పాపం ఆ రౌటరు చేసిందల్లా ఒకట్లోంచి ఒకటి తీసేసి, సున్నా అయిన ప్యాకెట్‌ని పారెయ్యడమే.