రూసెల్ ‘పద్మావతి’

రాజస్థానమందలి చిత్తోడ్ దుర్గ శిథిలములను 1909లో కన్నులారఁ జూచిన ఫ్రెంచి స్వరకర్త ఆల్బేర్ రూసెల్, ఆ స్మృతిని మనమున నిలుపుకొని, లూయీ లాలువా రచించిన నాటకమునకు సంగీతము గూర్చఁగా, 1923లో పారిస్ ఆపెరాలో ప్రదర్శితమైన ‘పద్మావతి’ని విన్నప్పుడెల్ల నాకు ఆనందముతోపాటు కొంత అసంతృప్తియుఁ గలుగుచుండును. పదములు లేక కేవల కంఠనాదముతో సాగు బృందగానము, రెండవ యంకమున శివాలయమందు చిత్తోడ్ రాణి పద్మావతి చితికి సిద్ధమగుచుండఁగా వాద్యబృందము అంతకంతకు పెంచుకొనిపోవు భయావహగాంభీర్యము అనన్యసామాన్యములు. కాని పాత్రపోషణ పలుచన. నగరరక్షణకై భార్యను, దండెత్తి వచ్చిన సుల్తాను అల్లాఉద్దీనునకు అప్పగింపఁ జూచు రాజు రత్నసేనుని అంతర్మథనము నాలుగు మాటలలో ముగియును. అతనిని స్వహస్తముతోఁ బొడిచి చంపి చితినెక్కు పద్మావతియో, శిలాప్రతిమవలె నిలిచిపోవునే కాని ఆమె మనసు మనకుఁ దెలియదు. వ్యక్తులకంటె బృందగానమే ప్రధానపాత్ర వహించిన కృతి యిది. ఉన్నవి రెండే యంకములు. సంగీతప్రియులు తప్పక వినవలెను.