వేళలు కుదరని ఇళ్ల బడి

మా అపార్ట్‌మెంటులో తెల్లారిందని చెప్పేది స్కూలు బస్సు హారనే. అది మోగే వేళకి పిల్ల నోట్లో సగం ఇడ్లీ, తల్లి చేతిలో సగం వేసిన జడ, తండ్రి భుజాన పిల్లని మించిన బరువు బ్యాగు. లిఫ్టు ఎప్పుడూ మరో అంతస్తులోనే ఉంటుంది. ఈ ఇళ్లకి యజమాని ఎవరని జనాభా లెక్కలవాళ్లు అడిగితే బస్సు డ్రైవరు పేరు రాయించడమే న్యాయం.

ఈ హడావిడి కనిపెట్టే కాబోలు, ఫోన్ తెరిస్తే చాలు, తీరిక లేని తల్లిదండ్రులకి ఆన్‌లైన్ బడి వరమని ప్రకటనలు. అందులో సగం నిజముంది. తీరిక లేకపోవడం వేరు, వేళ కుదరకపోవడం వేరు. మనం రెంటినీ కలిపేసి 'బిజీ' అనేస్తాం. పొద్దున్నుంచి రాత్రి దాకా ఊపిరాడని ఇల్లు ఒక రకం. ఖాళీ గంటలు ఉన్నా, అవి బడి గంటలతో పేచీ పెట్టుకునే ఇల్లు మరో రకం. ఆన్‌లైన్ చదువు అచ్చొచ్చేది ఈ రెండో రకం ఇళ్లకే.

మా చిన్న చెల్లెలు ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. వాళ్లాయన మెడికల్ రెప్, సగం రోజులు జిల్లాల్లోనే. చెల్లెలికి నైట్ డ్యూటీ పడిన వారాల్లో ఆమె పొద్దున్న ఇంటికొచ్చేసరికి కూతురు బస్సెక్కి వెళ్లిపోయేది. కూతురు బడి నుంచి వచ్చి ట్యూషన్‌కి పోయి తిరిగొచ్చేసరికి తల్లి మళ్లీ డ్యూటీకి బయల్దేరేది. ఒకే కప్పు కింద ఉంటూ తల్లీకూతుళ్లు ఫ్రిజ్ మీద అంటించిన చీటీలతో మాట్లాడుకునేవారు. 'సాంబారు వేడి చేసుకో.' 'సైన్స్ రికార్డు మీద సంతకం పెట్టు.' ఆ ఇంట్లో గంటలకి కరువు లేదు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి ఆరింటిదాకా చెల్లెలు నిద్రలేచి ఖాళీగానే ఉండేది. ఆ గంటల్లో పిల్లే ఇంట్లో ఉండేది కాదు.

తొమ్మిదో తరగతి అయ్యాక పిల్లని బడి మాన్పించి జాతీయ ఓపెన్ స్కూలు ఎన్‌ఐఓఎస్‌లో పదికి చేర్చారు. బంధువులందరూ అడిగిన మొదటి ప్రశ్న ఒకటే: "పాపం, ఫెయిలైందా?" ఓపెన్ టెన్త్ అంటే చదువు అబ్బనివాళ్లకనే లెక్క మనలో బలంగా ఉంది. బంధువుల సంగతి సరే, ఆ సంస్థ సంగతి తెలుసుకోవడం మేలు. 1979లో సీబీఎస్‌ఈ కింద చిన్న ప్రాజెక్టుగా మొదలై, 1989లో నేషనల్ ఓపెన్ స్కూల్‌గా విడిపడి, 2002లో ఇప్పటి పేరు తెచ్చుకుంది. కేంద్ర ప్రభుత్వ బోర్డు. పద్నాలుగేళ్లు నిండితే పదిలో చేరొచ్చు. పబ్లిక్ పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్-మే నెలల్లో ఒకసారి, అక్టోబరు-నవంబరు నెలల్లో ఒకసారి. సబ్జెక్టులన్నీ ఒక్క ఊపులో రాయనక్కర్లేదు, ఐదేళ్లలో తొమ్మిది అవకాశాలున్నాయి. తెలుగు మాధ్యమమూ ఉంది. ఇక్కడ పన్నెండో తరగతి ఐదు సబ్జెక్టులతో పాసైతే జేఈఈ మెయిన్ కూడా రాయొచ్చు. ఈ చివరి మాట చెప్పాక మా బంధువుల గొంతులో జాలి కాస్త తగ్గింది. మన దగ్గర ఏ చదువుకైనా గౌరవం ఐఐటీ గేటు మీదుగానే రావాలి.

ఇక వాళ్లింటి బడి. పొద్దున్న తల్లి నిద్రపోతున్న వేళ పిల్ల చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని రికార్డు పాఠాలు వింటుంది. అర్థం కాకపోతే వెనక్కి తిప్పి మళ్లీ వింటుంది. బడిలో మేష్టార్ని మూడోసారి చెప్పమని అడిగే ధైర్యం ఎవరికుంది? లెక్కలకి మాత్రం ఒక మేడం సాయంత్రం పూట తెర మీద కనిపించి చెబుతారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక జీవశాస్త్రం తల్లి వంతు. మూత్రపిండం బొమ్మ గీస్తూ చెల్లెలు చెప్పే పాఠం నేనూ ఒకరోజు విన్నాను. డయాలసిస్ వార్డులో పనిచేసిన మనిషి నెఫ్రాన్ గురించి చెబితే పుస్తకంలో అక్షరాలకి ప్రాణం వస్తుంది. రాసుకోవాల్సిన నోట్సు రెండు పేజీలే, చెప్పుకున్న కథలు గంటసేపు.

అయితే ఆ ఇంటి బడికి అసలు హెడ్‌మాస్టరు తల్లి కాదు, తాతగారు. చెల్లెలి మామగారు ఆర్టీసీలో కండక్టరుగా రిటైరయ్యారు. ఆయనకి త్రికోణమితి రాదు. "ఆ తీటా ఎవరమ్మా, ఎప్పుడూ వాడి గొడవేనా?" అని అడుగుతారు. కానీ పొద్దున్న పేపరు పట్టుకుని పిల్ల గదిలోనే కుర్చీ వేసుకుంటారు. పాఠం అయిపోయిందని పిల్ల లేస్తే చెయ్యి చాపి "టికెట్?" అంటారు. నోట్సు చూపించాలి. అందులో ఏముందో ఆయనకి తెలీదు, ఉందో లేదో మాత్రం తెలుస్తుంది. టికెట్ లేని ప్రయాణికుణ్ణి పట్టుకోవడంలో ఆయనకున్న అనుభవం ముందు ఏ యాప్‌లో హాజరూ నిలవదు.

ప్రకటనలు దాచిపెట్టే రెండో సగం ఇదే. పాఠం చెప్పే మనిషి ఎక్కడున్నా ఫర్వాలేదు గానీ, పిల్ల పక్కన కూర్చునే మనిషి ఇంట్లోనే ఉండాలి. ఇది ఇవాళ తేలిన సంగతీ కాదు. ఆస్ట్రేలియాలో ఊళ్లకి వందల కిలోమీటర్ల దూరాన పశువుల కమతాల్లో పెరిగే పిల్లల కోసం 1951లో ఆలిస్ స్ప్రింగ్స్‌లో రేడియో బడి మొదలైంది. విమానంలో వచ్చే డాక్టర్ల కోసం వేసుకున్న రేడియో ఏర్పాటునే టీచర్లు వాడుకున్నారు. ఇప్పుడు రేడియో పోయి ఇంటర్నెట్ వచ్చింది. కానీ పిల్ల పక్కన తల్లో, జీతానికి పెట్టుకున్న మనిషో కూర్చోవడం మాత్రం పోలేదు. అక్కడ ఆ మనిషికి 'హోమ్ ట్యూటర్' అని హోదా కూడా ఉంది. మన తాతగారికి హోదా లేదు, మధ్యాహ్నం టీ మాత్రం వేళకి అందుతుంది.

నిజానికి బడి గడప తొక్కకుండా చదవడం తెలుగువాళ్లకి కొత్తేమీ కాదు. మెట్రిక్ 'ప్రైవేటుగా కట్టి' పాసైన పెద్దలు మన ఇళ్లలో బోలెడుమంది. దేశంలోకెల్లా మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులోనే పుట్టింది. ఇప్పుడది అంబేద్కర్ పేరు మీద ఉంది. దాన్ని నిలబెట్టిన జి. రామ్‌రెడ్డిగారే 1985లో ఢిల్లీలో ఇగ్నోకి తొలి వైస్ ఛాన్సలర్ అయ్యారు. పగలు ఆఫీసులో ఫైళ్లు మోసి రాత్రి పాఠాలు చదివి డిగ్రీ తెచ్చుకున్న అటెండర్లు, గుమాస్తాలు ఆ చలవతో పైకొచ్చినవాళ్లే. పెద్దవాళ్లకి వేళ కుదరకపోతే ఒప్పుకున్నాం. పిల్లల దగ్గరికి వచ్చేసరికి మాత్రం మనసొప్పదు.

ఒప్పకపోవడానికి 2020 కూడా ఒక కారణం. ఆ ఏడు ఆన్‌లైన్ చదువంటే ఏమిటో మనం చాలా చెడ్డ రూపంలో చూశాం. తెలంగాణలో సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, టీశాట్‌లో పాఠాలొచ్చాయి. ప్రైవేటు బడులు మాత్రం గంటతో సహా బడిని యథాతథంగా ఫోనులోకి కుక్కాయి. ఇంట్లో ఫోను ఒకటి, పిల్లలు ముగ్గురు. సిగ్నల్ కోసం మేడెక్కినవాళ్లు కొందరు, పొలం గట్టుకి పోయినవాళ్లు కొందరు. సర్కారు బడి పిల్లలకి ఆన్‌లైన్‌లో అందనిది ఇంకొకటుంది, మధ్యాహ్న భోజనం. దాని కోసమే బడికి వచ్చే పిల్లలున్న దేశంలో అందరికీ ఆన్‌లైన్ అనడం నోటి తీట. అది ఎవరూ కోరి తెచ్చుకున్న చదువు కాదు, గతిలేక పడ్డ పాట్లు. దాన్ని చూపించి వేళలు కుదరని ఇంటికి ఈ దారి మూసేయడమూ న్యాయం కాదు.

పొద్దున్నే కోర్టులో దిగే బ్యాడ్మింటన్ పిల్లలున్నారు. తండ్రి బదిలీలతో మూడేళ్లకో ఊరు మారే పిల్లలున్నారు. తెల్లవారుజామునే లేచి టిఫిన్ సెంటరు నడిపి, మధ్యాహ్నానికి షట్టరు దించే దంపతుల పిల్లలున్నారు. అటు డాలస్‌లో సాయంత్రం ఏడయ్యేసరికి తెనాలిలో మర్నాడు పొద్దున్న ఐదున్నర, చలికాలమైతే ఆరున్నర. పూజ కాకముందే మనవడికి తెర మీద తెలుగు గుణింతాలు దిద్దించే అమ్మమ్మలున్నారు. వీళ్ల గడియారాలన్నీ ఒకే బెల్లుకి నడవవు.

స్నేహితుల మాటేమిటి అని అడగండి, అడగాల్సిందే. మా మేనకోడలు మొదటి రెండు నెలలూ పాత క్లాసు గ్రూపులో ఫొటోలు చూసి ముఖం మాడ్చుకునేది. డబ్బాలో పులిహోర పంచుకోవడానికి తెర పనికిరాదు. ఇప్పుడు సాయంత్రం కాలనీ గ్రౌండులో త్రోబాల్ ఆడుతోంది. లోటు పూర్తిగా తీరిందని నేననను.

మీ ఇంటికి ఇది సరిపోతుందో లేదో తేల్చుకోవాలంటే ఒక కాగితం తీసుకోండి. ఇంట్లో ఎవరు ఏ గంటకి మెలకువగా ఉంటారో, ఏ గంటకి ఇంట్లో ఉంటారో రాయండి. పగటిపూట పిల్ల పక్కన పెద్దమనిషి లేని గంటలే ఎక్కువ తేలితే బస్సే మేలు, హారన్ భరించండి. లేకపోతే ప్రకటన ఇచ్చిన సంస్థకి ఫోన్ చేసి రెండే ప్రశ్నలు వేయండి: ఏ బోర్డు పరీక్ష రాయిస్తారు? టీసీ ఎవరిస్తారు? సూటిగా జవాబు చెప్పలేనివాళ్లకి డబ్బు కట్టకండి.