వీఏ నంబరు వద్దన్న అంబాసిడర్

మార్టూరులో పత్తి, మిరప పండించే ఆ రైతు ఇంట్లో అంబాసిడర్ మార్క్ 2 ఉంది. 1974లో కొత్తగా కొన్నారు. 1489 సీసీ పెట్రోలు ఇంజను. కంపెనీ బిగించినదే ఇప్పటికీ నడుస్తోంది. 2024లో దానికి యాభై ఏళ్లు నిండగానే హైదరాబాద్ నుంచి మేనమామ ఫోన్ చేశాడు.

"వింటేజ్ కింద రాయించెయ్ అల్లుడూ. ఇరవై వేలు కడితే వీఏ నంబరిస్తారు. పదేళ్లు ఆర్టీఓ ఆఫీసు గడప తొక్కక్కర్లేదు."

అల్లుడు ఊఁ కొట్టలేదు. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటిన కార్ల రెన్యువల్ ఫీజును కేంద్రం 5,000 నుంచి 10,000కి పెంచింది. సరిగ్గా ఆ ఏడాదే ఈ కారు ఆర్సీ గడువు ముగుస్తోంది. మేనమామ ఒక పెళ్లిలో పదిమంది ముందు ఎత్తిపొడిచాడు: "చెప్తే విన్నాడా? ఇరవై వేలకి వెనకాడి నష్టపోయాడు." పిసినారి అనిపించుకోవడం ఆయనకు బాధ కాదు. లెక్క తెలియదనిపించుకోవడమే బాధ. ఏటా పెట్టుబడి, వడ్డీ, క్వింటా ధర వేళ్ల మీద తేల్చే మనిషికి ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

అందుకే ఆ లెక్కంతా కాగితం మీద పెట్టాడు. మామూలు రెన్యువల్ అయిదేళ్లకోసారి. పది వేల చొప్పున పదేళ్లకు 20,000. వీఏ రిజిస్ట్రేషన్‌కూ మొదటి పదేళ్లకు అంతే. అంటే పదేళ్ల దాకా ఫీజులో ఒక్క రూపాయి తేడా లేదు. మేనమామ చూడనిది ఇదే. ఆ తర్వాత వీఏ రెన్యువల్ 5,000 మాత్రమే, మామూలు దారిలో మళ్లీ 10,000.

మేనమామ పక్షాన నిలిచే అంకె ఇంకొకటుంది. ఆయన అది చెప్పలేదు, అల్లుడే వెతికి పట్టుకున్నాడు. వింటేజ్‌గా రిజిస్టరైన ప్రైవేటు కారుకు థర్డ్ పార్టీ ప్రీమియంలో సగం తగ్గిస్తారు. 2022 రేట్ల ప్రకారం 1000 నుంచి 1500 సీసీ మధ్య కారుకు ఏడాదికి 3,416, సగమైతే 1,708. పదేళ్లకు 34,160కి బదులు 17,080. ఫీజులు, ప్రీమియం కలిపితే మామూలు ఆర్సీకి 54,160, వీఏకి 37,080. తేడా 17,080. ఏడాదికి 1,708, నెలకు 142 రూపాయలు. గ్రీన్ ట్యాక్స్, జీఎస్టీ ఇందులో వేయలేదు. రేట్లు ఇలాగే ఉంటాయన్న హామీ కూడా లేదు.

మరి నెలకు ఈ 142 దేనికి? కారును బయటికి తీయడానికి. 2021 జులై 15న కేంద్రం నోటిఫై చేసిన నిబంధనల ప్రకారం వీఏ నంబరు బండి ప్రదర్శనకో, వింటేజ్ ర్యాలీకో, సాంకేతిక పరిశోధనకో, పెట్రోలుకో, మరమ్మతుకో మాత్రమే రోడ్డెక్కాలి. శివరాత్రి తిరునాళ్లకు ఇంటిల్లిపాదీ కోటప్పకొండ వెళ్లడం ఆ జాబితాలో లేదు. చిలకలూరిపేటలో పెళ్లికి ముసలమ్మలను తీసుకెళ్లడమూ లేదు. నడుము నొప్పి ఉన్న వాళ్ల అమ్మ కొత్త కార్లు వద్దని, ఎత్తయిన ఆ వెనక సీటే కావాలంటుంది. హైవే మీద ఆపి కాగితాలడిగితే ఏ ర్యాలీకని చెప్పాలి?

అదే షెడ్డులో పాత బుల్లెట్ ఉంది. దాని మీద మేనమామ సలహా ఇంకా దెబ్బతీసేది. ఇరవై ఏళ్లు దాటిన మోటారు సైకిలుకు అయిదేళ్లకు 2,000. పదేళ్లకు 4,000. వీఏ అయితే 20,000. ప్రీమియంలో సగం తగ్గింపు కార్లకే. నికరంగా 16,000 నష్టం, పైగా బండి పొలానికి పోకూడదు.

వీఏ అందరికీ దండగేం కాదు. కారు షెడ్డులో అలంకారంగా ఉండేదైతే తీసుకోవాల్సిందే. కానీ ముందు బానెట్ ఎత్తి చూసుకోవాలి: ఛాసిస్, బాడీ, ఇంజను అసలువే అయి ఉండాలి. పెట్రోలు ఖర్చుకు భయపడి డీజిల్ ఇంజను వేయించిన అంబాసిడర్లు ఈ చుట్టుపక్కల తక్కువేం కాదు; వాటికి వీఏ కష్టం. ఏదీ చేయకుండా ఊరుకుంటే అన్నిటికన్నా ఖరీదు. రెన్యువల్ ఆలస్యమైతే కారుకు నెలకు 500 అదనం, ఏడాదికి 6,000.

అమ్మితే ధర పలుకుతుందని మేనమామ రెండో వాదన. అమ్మే ఆలోచనే లేని కారుకు ఆ లెక్క ఎవరి కోసం?

ఆయన్ను నిజంగా కదిలించింది ఆస్ట్రేలియా పద్ధతి. విక్టోరియా రాష్ట్రంలో పాతికేళ్లు దాటిన బండి ఉన్నవాళ్లు గుర్తింపు పొందిన క్లబ్బులో చేరితే ఏడాదికి 45 రోజులకో, 90 రోజులకో పర్మిట్ ఇస్తారు. బయటికి తీసిన రోజున లాగ్‌బుక్కులో రాసుకుంటే చాలు. పెళ్లికా, సంతకా అని అడగరు. మన దగ్గరా క్లబ్బులకు ఒకప్పుడు ఆ మాత్రం పెద్దరికం ఉండేది: పాత మోటారు టారిఫ్‌లో వింటేజ్ రాయితీకి వింటేజ్ అండ్ క్లాసిక్ కార్ క్లబ్ ఆఫ్ ఇండియా సర్టిఫికెట్ అడిగేవారు. అయితే అది 1940 డిసెంబరు 31కి ముందు తయారైన కార్లకే. అంబాసిడర్ అప్పటికి పుట్టనే లేదు.

2025 చివర్లో ఆయన పది వేలు కట్టి మామూలు ఆర్సీయే రెన్యువల్ చేయించాడు. రశీదు ఫొటో మేనమామకు పంపలేదు, లెక్క కాగితం ఫొటో పంపాడు. మనకూ 45 రోజుల లాగ్‌బుక్కు ఉంటే వీఏకి ఆ రోజే దరఖాస్తు పెట్టేవాడినని దాని కింద రాశాడు. కోటప్పకొండ, సంక్రాంతి, పెళ్లిళ్లు అన్నీ కలిపినా వాళ్ల అంబాసిడర్ ఏడాదిలో రోడ్డెక్కేది నెల రోజులకు మించదు.