గత్తరలు చూసిన తరం

2020 మార్చి మూడో వారంలోనే కరీంనగర్ తలుపులు వేసుకుంది. ఇండోనేషియా నుంచి వచ్చిన బృందంలో కొందరికి కరోనా ఉందని తేలడంతో ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ తిరిగారు. దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది ఆ తర్వాతే, మార్చి 25న.

ముప్పు పెద్దవాళ్లకే ఎక్కువనీ, 65 ఏళ్లు దాటినవాళ్లు గడప దాటొద్దనీ టీవీలు పొద్దస్తమానం చెప్పాయి. ఇంట్లో పిల్లలు హడలిపోయారు. అవ్వలు, తాతలు మాత్రం దాన్ని తమకు తెలిసిన పాత పేరుతోనే పిలిచారు... ‘గత్తర’ అని. ఆదిలాబాద్ వైపు పల్లెల్లో పొలిమేరన ముళ్లకంపలు అడ్డం వేస్తే వాళ్లకు వింతనిపించలేదు. అమ్మవారు పోసిన ఇంటికి వేపమండలు కట్టి, బయటివాళ్లను రానివ్వని రోజులు వాళ్లు చూసినవే. మనదేశంలో మశూచి లేదని 1977లో ప్రకటించేనాటికి వాళ్లు పడుచువాళ్లు.

అలాగని ఒక్క ఓపికతోనే రోజులు గడవలేదు. కంపెనీలు మూతపడి బీడీల పని ఆగిపోతే, ఊరికే కూర్చోవడం చేతకాని అవ్వలు అవే చేటల్లో పప్పులు చెరిగారు. ఎండలు ముదిరాక మామిడికాయ తొక్కు పెట్టారు. దూరదర్శన్‌లో ‘రామాయణం’ మళ్లీ వస్తే, మనవలకు అర్థంకాని చోట తాతలే కథ చెప్పారు.

గల్ఫ్‌లో కొడుకులున్న ఇళ్లలో దిగులు వేరు. విమానాలు లేవు, కొందరికి జీతాలూ లేవు. ఫోనులో కొడుకు ముఖం కనిపించగానే “పైలం కొడుకా, మేం మంచిగనే ఉన్నం” అనేది తల్లి. ధైర్యం చెప్పించుకోవాల్సిన వయసులో తానే ధైర్యం చెప్పింది.

వాళ్లను నిజంగా కుంగదీసింది మరొకటి. చిన్ననాటి నేస్తం పోతే కడసారి చూపు దక్కలేదు. అంత్యక్రియలకు 20 మందే అన్నారు. నలుగురిలో ఏడ్చి తేలికపడటం తెలిసినవాళ్లు, ఒంటరిగా ఏడ్వాల్సి వచ్చింది. ఆ బరువు కొందరికి ఇప్పటికీ దిగలేదు.

2021 మార్చి 1 నుంచి 60 ఏళ్లు దాటినవాళ్లకు టీకాలు మొదలయ్యాయి. చిన్నప్పటి టీకా మచ్చ ఉన్నవాళ్లెందరో మళ్లీ చెయ్యి చాపారు.

పెద్దవాళ్లను కాపాడటమంటే గదిలో భద్రంగా కూర్చోబెట్టడమే అనుకుంటాం. వాళ్లను నిలబెట్టింది మాత్రం చేతిలో పని, తమ మాట కోసం చూసే మనిషి. ఈసారి ఫోను చేసినప్పుడు “మందులేసుకున్నవా?” దగ్గరే ఆగిపోకుండా, తొక్కులో ఉప్పెంత వెయ్యాలో కూడా అడిగి చూడండి.